గుమ్మం దగ్గర అడగవలసిన అనుమతి
(నరసన్నపేటలో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం నాకు అప్పగించిన విషయం "సాంకేతిక సంస్థల స్థాపకుల నుండి నేర్చుకోవలసినది". అప్పగించినవారు మన యువకులు. ఒక సామాన్యుడు చిన్న గదిలో సంస్థ ప్రారంభించి వేలకోట్లు గడించిన కథ వినిపిస్తానని వారు ఎదురుచూస్తూ ఉండవచ్చు. అటువంటి కథలకు కొరత లేదు; నేను చెప్పకపోయినా అవి మీ ఫోనుల్లోకి వచ్చి చేరుతూనే ఉంటాయి. నేను మరొక తరగతి స్థాపకుల గురించి మాట్లాడదలచాను. తాము సృష్టించిన వస్తువు తమ చేయి దాటిన తరువాత దానిని గురించి తామే లోకాన్ని హెచ్చరించినవారు కొందరున్నారు. వారి సాక్ష్యం మనకు ఎక్కువ పనికివస్తుందని నా అభిప్రాయం.

ముందుగా మా ఇంట్లో జరిగిన సంగతి. రెండేళ్ల క్రితం మా అమ్మాయిని విశాఖపట్నంలో ఒక విద్యా ప్రదర్శనకు తీసుకువెళ్లాను. అక్కడ ఒక బల్ల దగ్గర పిల్లల కళ్లకు వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ తగిలించి సముద్రగర్భం చూపిస్తున్నారు. మా అమ్మాయి తిమింగలాన్ని చూసి కేక పెట్టింది, చేతులు చాచి చేపలను పట్టుకోబోయింది. ఆ ఆనందాన్ని నేను తక్కువ చేయను. హెడ్‌సెట్ ఇచ్చేముందు నిర్వాహకులు ఒక ట్యాబ్ చేతికిచ్చి పేరు, తరగతి, తండ్రి ఫోను నంబరు నింపమన్నారు. నింపాను. వారం తిరగకుండా కోచింగ్ సంస్థల నుంచి పిలుపులు మొదలయ్యాయి. నాలుగో పిలుపులో ఒక యువకుడు ఎంతో మర్యాదగా "సలాం భాయ్" అని ఆరంభించి, "మీది బీసీ-ఈ కదా, స్కాలర్‌షిప్పుతో సీటు చూస్తాం" అన్నాడు.

ఆ ట్యాబ్‌లో మతం అడిగే గడి లేదు. అమ్మాయి పేరు చాలింది. మా ఇంటి ఫోను నంబరు ఎదుట మా మతం రాసి ఉన్న పట్టిక ఒకటి ఎక్కడో తయారైందని ఆ రోజు తెలిసింది. అది ఎవరెవరి చేతులు మారిందో అడుగుదామంటే అడగడానికి చిరునామా లేదు.

ఇటువంటి పట్టికల వ్యాపారం ఎంత పెద్దదో 2023లో సైబరాబాద్ పోలీసులు బయటపెట్టారు. ఆ మార్చిలో ఏడుగురిని అరెస్టు చేసినప్పుడు వారి దగ్గర దొరికినవి 16.8 కోట్ల మంది వివరాలు. వారం పైన కొద్ది రోజులకే ఫరీదాబాద్‌కు చెందిన మరొకడు దొరికాడు; అతని దగ్గర 66.9 కోట్ల వ్యక్తుల, సంస్థల వివరాలున్నాయని పోలీసులు ప్రకటించారు. విద్యార్థులు, ఉద్యోగులు, సైనిక సిబ్బంది, మహిళలు అంటూ వర్గాలుగా విడదీసి, దినుసులు పొట్లాలు కట్టినట్టు కట్టి అమ్మారు. మన బజారులో నగల దుకాణంవారు, బట్టల దుకాణంవారు ఖాతాదారుల నంబర్లు రాసుకోవడం పాత అలవాటే. ఆ పుస్తకం గల్లాపెట్టె పక్కనే ఉండేది; దాని నకలు ఢిల్లీలో అమ్ముడుపోయేది కాదు.

ఇక స్థాపకుల విషయానికి వస్తాను.

వర్చువల్ రియాలిటీ అన్న మాటను లోకానికి పరిచయం చేసినవారిలో ముఖ్యుడు జారన్ లానియర్. 1980 దశకంలో వీపీఎల్ రీసెర్చ్ అనే సంస్థ స్థాపించి, కళ్లకు పెట్టుకునే పరికరాలను, చేతి కదలికలను గ్రహించే తొడుగులను మొదటగా అమ్మినవాడు ఆయన. అదే మనిషి 2018లో, సామాజిక మాధ్యమాల ఖాతాలను వెంటనే మూసివేయమని పది వాదనలతో ఒక పుస్తకం రాశాడు. ఆయనకు యంత్రాల మీద ద్వేషం లేదు. మనిషి ప్రవర్తనను కనిపెట్టి, దానిని మార్చగల శక్తిని ప్రకటనదారుకు అమ్ముకునే వ్యాపార పద్ధతిమీదే ఆయన అభ్యంతరం.

రెండోవాడు పామర్ లక్కీ. 2012లో ఓక్యులస్ సంస్థ స్థాపించాడు. 2014 మార్చిలో ఫేస్‌బుక్ దానిని సుమారు 200 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. హెడ్‌సెట్ వాడేందుకు ఫేస్‌బుక్ ఖాతా అవసరం ఉండదని లక్కీ అప్పట్లో కొనుగోలుదారులకు భరోసా ఇచ్చాడు. 2017లో ఆయన సంస్థ వదిలాడు. 2020 అక్టోబరు నుంచి కొత్త హెడ్‌సెట్లకు ఫేస్‌బుక్ ఖాతా తప్పనిసరి అయింది. తీవ్ర వ్యతిరేకత వచ్చాక, 2022లో దాని స్థానంలో మెటా ఖాతా అన్నారు. సంస్థను అమ్మేసినవాడి మాట కొన్నవాడిని కట్టడి చేయదు. ఒక ఆప్ యజమాని నిజాయితీపరుడని విని దానిని నమ్మే మన యువకులు ఈ చరిత్రను గుర్తుంచుకోవాలి. లక్కీ ఇప్పుడు ఆండ్యురిల్ అనే ఆయుధ, నిఘా పరికరాల సంస్థకు స్థాపకుడు. 2025లో ఆ సంస్థ మెటాతోనే కలిసి అమెరికా సైనికుల కోసం హెడ్‌సెట్లు తయారుచేయడానికి ఒప్పందం చేసుకుంది.

ఫోను కంటే హెడ్‌సెట్‌ను గురించి ఎక్కువ ఆందోళన ఎందుకని మీరు అడగవచ్చు. ఫోనుకు మనం నొక్కినది తెలుస్తుంది. హెడ్‌సెట్‌కు మన శరీరం తెలుస్తుంది. తల ఎటు తిరిగింది, చేయి ఎంత వణికింది, ఎంత ఎత్తున్నాం అన్నది సెకనుకు అనేక పర్యాయాలు అది నమోదు చేస్తుంది. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్‌సన్ లెక్క ప్రకారం, 20 నిమిషాల వాడకంలో 20 లక్షలకు కొంచెం తక్కువ దేహకదలికల నమోదులు మిగులుతాయి. 2020లో ఆయన బృందం 511 మందితో ఒక ప్రయోగం చేసింది: ఒక్కొక్కరి కదలికలను ఐదు నిమిషాలలోపు నేర్పితే చాలు, పేరు లేకుండానే నూటికి 95 మందిని యంత్రం సరిగ్గా గుర్తుపట్టింది. 2023లో బర్కిలీ పరిశోధకులు 50 వేలకు పైగా ఆటగాళ్ల సమాచారంతో ఇటువంటి ఫలితమే చూపించారు. పేరు తొలగించామన్న హామీకి ఇక్కడ విలువ తక్కువ. నడక, తల ఊపే తీరు మనిషికి వేలిముద్రలాంటివి.

ఈ పరికరం మన ఇళ్లలోకి ఆటలతో మాత్రమే రాదు. 2021 డిసెంబరులో సౌదీ అధికారులు హజ్రె అస్వద్‌ను వర్చువల్ రియాలిటీలో చూపే ప్రయత్నం ప్రారంభించారు. అది నిజమైన హజ్ కాజాలదని తుర్కియే మతవ్యవహారాల సంస్థ 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. ధర్మనిర్ణయం ఉలమాల పని, నాది కాదు. మంచం పట్టిన తల్లికి కాబా దృశ్యం చూపించాలని ఒక కొడుకు కోరుకుంటే అందులో తప్పు వెతకను. ఆ తల్లి తల ఎక్కడ ఆగింది, చేతులు ఎప్పుడు పైకి లేచాయి అన్న సమాచారం ఏ సంస్థ దగ్గర, ఎంతకాలం ఉంటుందో ఆ కొడుకు ముందుగా అడగాలి.

మనలో ప్రతి ఒక్కరికీ దగ్గరగా ఉన్నది వాట్సాప్. మన జిల్లా నుంచి గల్ఫ్‌కు వెళ్లిన వెల్డరు, ఫిట్టరు రాత్రి భార్యాపిల్లల ముఖం చూసేది దానిలోనే. 2009లో దానిని స్థాపించిన ఇద్దరిలో యాన్ కౌమ్ సోవియట్ ఉక్రెయిన్‌లో పెరిగాడు. ఫోనులో మాట్లాడితే ఎవరో వింటారన్న భయంతో పెద్దలు మాటలు మింగుకునే దేశం అది. పదహారేళ్ల వయసులో తల్లితో అమెరికా చేరాడు. సంభాషణలో మూడో చెవి ఉండకూడదన్న పట్టుదల ఆయనకు ఆ బాల్యం ఇచ్చినదే. ప్రకటనలు ఉండవన్నది ఆ ఇద్దరి నియమం.

2014లో ఫేస్‌బుక్ వాట్సాప్‌ను 1,900 కోట్ల డాలర్ల ఒప్పందంతో కొన్నది. రెండు సంస్థల ఖాతాలను దానంతట అదే నమ్మకంగా జతచేయడం సాధ్యం కాదని ఐరోపా అధికారులకు చెప్పింది. 2016 ఆగస్టులో వాడుకరుల ఫోను నంబర్లను ఫేస్‌బుక్‌తో పంచుకుంటామని వాట్సాప్ ప్రకటించింది. తప్పుదోవ పట్టించే సమాచారం ఇచ్చినందుకు 2017లో ఐరోపా కమిషన్ 11 కోట్ల యూరోల జరిమానా విధించింది. రెండో స్థాపకుడు బ్రయన్ ఆక్టన్ అదే ఏడు, తనకు రావలసిన కోట్లాది డాలర్ల వాటాలను వదులుకుని బయటికి నడిచాడు. పెద్ద ప్రయోజనం కోసం తన వాడుకరుల గోప్యతను అమ్ముకున్నానని, ఆ బరువుతోనే రోజూ బ్రతుకుతున్నానని ఒక పత్రికతో చెప్పుకున్నాడు. 5 కోట్ల డాలర్లు ఇచ్చి సిగ్నల్ ఫౌండేషన్ స్థాపనకు తోడ్పడ్డాడు. మరుసటి ఏడు కౌమ్ కూడా వెళ్లిపోయాడు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. వాట్సాప్‌లో మీరు పంపే సందేశపు లోపలి మాట నేటికీ తాళంలోనే ఉంది. 2016 నుంచి ఆ రక్షణ అందరికీ వర్తిస్తున్నది. ఎవరు ఎవరితో, ఎప్పుడు, ఎన్నిసార్లు మాట్లాడారన్నది వేరే సంగతి. ఉత్తరం అతికించి ఉన్నా, కవరు పైన చిరునామా కనిపిస్తుంది కదా. 2021లో తెచ్చిన నిబంధనలకుగాను మన దేశపు కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించింది.

ఇప్పుడు నన్ను అందరికంటె ఎక్కువ కలచివేసిన ఉదాహరణ. మనలో చాలామంది ఫోనులో నమాజు వేళలకు, ఖిబ్లా దిక్కుకు ఒక ఆప్ ఉంటుంది. ముస్లిం ప్రో వాటిలో ప్రసిద్ధమైనది. సింగపూర్‌లోని బిట్స్‌మీడియా సంస్థది. ఖిబ్లా చూపాలంటే మనం ఎక్కడున్నామో దానికి తెలియాలి, అది సహజమే. 2020 నవంబరులో మదర్‌బోర్డ్ అనే పత్రిక ఒక సంగతి బయటపెట్టింది: ఆ ఆప్ నుంచి ఎక్స్-మోడ్ అనే సమాచార వ్యాపార సంస్థకు వాడుకరుల స్థాన వివరాలు చేరుతున్నాయి, ఎక్స్-మోడ్ ఖాతాదారుల్లో అమెరికా సైన్యానికి పనిచేసే గుత్తేదారులున్నారు. అప్పటికి ఆ ఆప్‌ను 9.8 కోట్లకు పైగా దించుకున్నారు. తాము సైన్యానికి అమ్మలేదని, ఎక్స్-మోడ్‌తో సంబంధం వెంటనే తెంచుకుంటున్నామని ముస్లిం ప్రో ప్రకటించింది. 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ప్రార్థనా మందిరాలకు, ఆసుపత్రులకు వెళ్లినట్టు తెలిపే సున్నితమైన స్థాన సమాచారాన్ని అమ్మకుండా ఎక్స్-మోడ్ వారసత్వ సంస్థను కట్టడి చేసింది.

ప్రకటన కోసం సేకరించినది, ప్రకటనలతో సంబంధం లేనివాడి చేతికి చేరింది. మధ్యలో ఎవరూ దొంగతనం చేయలేదు. ప్రతి అంచెలోనూ ఒక అంగీకార పత్రం ఉంది, ప్రతి అంచెలోనూ ఒక రశీదు ఉంది. సజ్దా చేయడానికి దిక్కు అడిగినవాడికి మాత్రం తెలియదు.

మన రాష్ట్రం సంగతి. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1.3 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం బహిరంగంగా కనబడుతున్నాయని హైదరాబాదు పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి లోకానికి చూపించాడు. మతాన్నిబట్టి వెతకవచ్చు, ఇల్లు ఎక్కడుందో కూడా తెలుసుకోవచ్చు. ఆయన చెప్పిన తరువాత వాటిని తొలగించారు. ఇల్లు లేనివారికి ఇల్లు కట్టించడం కోసం రాసుకున్న వివరాలు అవి. ఉద్దేశం మంచిదే. వెతికేవాడి ఉద్దేశం కూడా మంచిదై ఉంటుందని ఎవరు పూచీ పడతారు?

"మనం తప్పు చేయనప్పుడు దాచేదేముంది" అని మన పెద్దలే తరచు అంటారు. వారికి గౌరవంతో ఒక చరిత్ర విన్నవిస్తాను. నెదర్లాండ్స్ దేశంలో పౌర రిజిస్టర్లలో ప్రతివారి మతం రాసి ఉండేది. పరిపాలనకు అదొక మామూలు గడి. 1940లో నాజీలు ఆ దేశాన్ని ఆక్రమించాక, యూదులను ఏరడానికి ఆ గడి వారికి ఉపయోగపడింది. 1943 మార్చి 27న ఆమ్‌స్టర్‌డామ్ పౌరులు కొందరు ప్రాణాలకు తెగించి ఆ రిజిస్టర్ కార్యాలయానికి నిప్పంటించారు. అప్పటికే చాలా ఆలస్యమైంది. ఆ యూదులు కూడా తప్పు చేసినవారు కారు. మన దేశంలో 2021 జులైలోను, 2022 జనవరి ఒకటినాడును, ముస్లిం మహిళల ఫోటోలను సామాజిక మాధ్యమాల నుంచి ఏరి "వేలం" పేరుతో రెండు ఆప్‌లలో పెట్టారు. హైదరాబాదుకు చెందిన ఒక వృద్ధ సామాజిక కార్యకర్త చిత్రం కూడా వాటిలో ఉంది. ఆ సోదరీమణులు దాచవలసినది ఏదీ లేకనే తమ ముఖాలను ధైర్యంగా లోకానికి చూపారు.

హైదరాబాదులోనే 2021 మే నెలలో లాక్‌డౌన్ వేళ, హక్కుల కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను వీధిలో ఆపి, మాస్కు తీయించి పోలీసులు ఫోటో తీశారు. ఎందుకు తీశారు, దానిని ఏం చేస్తారు అని ఆయన రాతపూర్వకంగా అడిగాడు. సమాధానం రాకపోతే ముఖ గుర్తింపు విధానాన్నే ప్రశ్నిస్తూ హైకోర్టుకు వెళ్లాడు. 2022 జనవరిలో న్యాయస్థానం ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. మనలో ఎంతమందిమి ఆ ప్రశ్న అడిగి ఉండేవాళ్లం? నేను అడిగి ఉండేవాణ్ని కాను. ఫోటో ఇచ్చి, సలాం కొట్టి, ఇంటికి వచ్చేవాణ్ని.

చట్టం మన పక్షాన ఎంతవరకు ఉన్నదో కొంచెం చెప్పుకోవాలి. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా ప్రకటించింది. దానికంటె ముందే మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఒక కేసు ఉంది. స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ప్రకారం, కలెక్టరు పంపిన ఏ మనిషైనా బ్యాంకులోకి వెళ్లి ఖాతాదారుల పత్రాలు తనిఖీ చేయవచ్చు. కెనరా బ్యాంకు కేసులో 2004లో సుప్రీంకోర్టు అది చెల్లదన్నది. గోప్యత మనిషికి సంబంధించినది, స్థలానికి కాదన్నది; పత్రాన్ని బ్యాంకుకు అప్పగించినంత మాత్రాన దానిమీద మన హక్కు పోదన్నది. దుకాణానికి, ఆప్‌కు, పాఠశాలకు మనం ఇచ్చే ప్రతి వివరానికీ ఈ సూత్రం అన్వయించి చూడండి.

2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి. సంస్థల ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి ఆనాటి నుంచి 18 నెలల గడువిచ్చారు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, పిల్లలను గురిపెట్టి ప్రకటనలు చూపరాదని అందులో ఉంది. భద్రతలో విఫలమైతే 250 కోట్ల వరకు జరిమానా. ఇది మేలే. అదే చట్టం ప్రభుత్వ విభాగాలను మినహాయించే అధికారాన్ని కేంద్రానికి విశాలంగా ఇచ్చింది. వ్యాపారిని అడగడానికి తలుపు తెరిచి, సర్కారును అడిగే తలుపును ఓరగా వేసిన చట్టమని నేను భావిస్తున్నాను.

ఇక మన ఇంటి సంగతి. ఇది చెప్పడానికే నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను.

ఇతరుల ఇంటికి వెళ్లినప్పుడు అనుమతి కోరి, సలాం చెప్పి లోపలికి వెళ్లమని నూర్ సూరా మనకు నేర్పింది. మూడుసార్లు అడిగి, సమాధానం రాకపోతే వెనుదిరగమన్నది ప్రవక్త (స) బోధ. ఫోనులోని ఆప్ మూడుసార్లతో ఆగదు. మనం "సరే" అనేంతవరకు రోజూ అడుగుతుంది, ఒకసారి "సరే" అన్నాక మళ్లీ ఎన్నడూ అడగదు. ఈ తేడా పిల్లలకు చెప్పి చూడండి, చట్టంలోని సెక్షన్లకంటె త్వరగా బోధపడుతుంది. కాని మనం ఆ మర్యాద పాటిస్తున్నామా?

కొన్నేళ్ల క్రితం ఒక రంజాన్‌లో సరుకుల సంచులు పంచిన బృందంలో నేనూ ఉన్నాను. దాతలకు లెక్క చూపాలన్న తాపత్రయంతో, సంచి అందుకుంటున్న వారి ఫోటోలు, పేర్లు, ఫోను నంబర్లతో సహా పట్టికను నా చేతులతోనే మూడు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను. మూడో రోజున ఒక వితంతువు మా ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. "బియ్యం ఇచ్చినావు బాబూ, బాగుంది. మా పేరు ఊరంతా ఎందుకు పంచినావు?" అన్నది. ఆమె కూతురిని బడిలో ఎవరో ఆ ఫోటో చూపించి ఏడిపించారట. నేను దానిని తొలగించాను. అప్పటికే అది ఎక్కడెక్కడికి వెళ్లిందో, ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు. లక్కీ ఇచ్చిన భరోసాను విమర్శించినవాణ్ని, ఆమెకు నేనేమి భరోసా ఇవ్వగలను?

కనుక మన కమిటీలకు నాదొక విన్నపం. స్కాలర్‌షిప్పు దరఖాస్తులకోసం తీసుకున్న ఆధార్ నకళ్లు పని పూర్తయ్యాక చించి కాల్చండి; అవి ఇప్పటికీ బీరువాలో, జెరాక్సు దుకాణంవారి కంప్యూటరులో పడి ఉన్నాయి. ఆధార్‌లో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే నకలు దించుకునే వీలున్నది, అది తీసుకోండి. జకాత్ అందుకునే కుటుంబాల పట్టిక కాగితంమీద, ఇద్దరి దగ్గరే ఉండనివ్వండి. దాతలకు మొత్తం లెక్క చాలు, ముఖాలు అక్కరలేదు. ఆడపిల్లల ఫోటోలు, హాల్‌టికెట్ నంబర్లు అభినందన పేరుతో గ్రూపుల్లో పెట్టేముందు ఆ పిల్లను అడగండి. తండ్రిని అడిగితే సరిపోదు.

ఇషా నమాజు తరువాత వరండాలో రెండు బల్లలు వేస్తున్నాం. ఒకదాని దగ్గర ఇద్దరు అమ్మాయిలు తల్లులకు, మరొకదాని దగ్గర ఇద్దరు అబ్బాయిలు మిగిలినవారికి, ఏ ఆప్‌కు స్థాన వివరాల అనుమతి ఇచ్చి ఉన్నదో చూపించి తీసివేయిస్తారు. నమాజు వేళల ఆప్‌లో అనుమతి తీసివేసినా, చేత్తో ఊరి పేరు ఎంచుకుంటే వేళలు వస్తాయి. గోడమీది క్యాలెండరూ ఉంది. ఎవరి ఫోను వారి చేతిలోనే ఉంటుంది, పిల్లలు వేలుపెట్టి చూపిస్తారు, అంతే. గ్రూపుల నిర్వాహకులు మాత్రం ముందుగా నా దగ్గరికి రండి. పాత రంజాన్ ఫోటోలు ఎవరెవరి దగ్గర ఉన్నాయో కూర్చుని చూసుకుందాం.